మొదటి క్రెడిట్ కార్డు వచ్చిన కొద్ది నెలలకే రెండోది కావాలంటే: బెంగళూరులోని తెలుగు ఉద్యోగులకు సమగ్ర మార్గదర్శి

మొదటి క్రెడిట్ కార్డు వచ్చి నాలుగైదు నెలలు గడిచేసరికి రెండో కార్డు మీదికి మనసు పోవడం బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన చాలామందికి జరిగేదే. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో టెక్ పార్కుల దగ్గరా, మాల్స్‌లోనూ పలకరించే కార్డు ఏజెంట్లు, ఫోనుకు తరచూ వచ్చే 'ప్రీ అప్రూవ్డ్' సందేశాలు ఆ కోరికను ఇంకా పెంచుతుంటాయి. రెండో కార్డు తీసుకోవడంలో తప్పేమీ లేదు, పద్ధతిగా వాడేవారికి అది ఉపయోగపడుతుంది కూడా. అయితే మొదటి కార్డు ఇచ్చేటప్పుడు బ్యాంకు మీ జీతాన్నీ, కంపెనీ పేరునూ చూసి నమ్మింది. రెండో కార్డు ఇచ్చే బ్యాంకు వాటితోపాటు మొదటి కార్డును మీరు ఎలా నడుపుతున్నారో కూడా చూస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దరఖాస్తుకు ముందు చేసుకోవలసిన పనికే కేటాయించాను.

మొదటి అడుగు: ఎందుకు కావాలో తేల్చుకోవడం

లిమిట్ (కార్డు మీద ఖర్చు పెట్టగల గరిష్ఠ మొత్తం) చాలడం లేదన్నది మీ కారణమైతే, కొత్త కార్డుకంటే ముందు ఉన్న కార్డు లిమిట్ పెంచే అవకాశం ఉందేమో బ్యాంకు యాప్‌లో చూడండి. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడకం గమనించాక బ్యాంకులు ఆ ఆఫర్ ఇస్తాయి. మీ స్పష్టమైన అనుమతి లేకుండా లిమిట్ పెంచకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది కాబట్టి, ఆఫర్ కనిపించినా మీరు ఒప్పుకున్నాకే అది అమలవుతుంది.

యూపీఐ చెల్లింపుల కోసం రూపే కార్డు కావాలనుకోవడం నాకు సబబుగా తోచే కారణం. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కు జోడించుకోవచ్చు. మొదటి కార్డు వీసా లేదా మాస్టర్‌కార్డ్ అయినవారికి దర్శిని హోటల్లో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్), కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి క్రెడిట్ కార్డుతో చెల్లించే సౌకర్యం దీనితో వస్తుంది. ఇది వ్యాపారుల క్యూఆర్ కోడ్‌లకే వర్తిస్తుంది, స్నేహితుడికో ఇంట్లోవారికో డబ్బు పంపడానికి పనికిరాదు. బెంగళూరులో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2025 జూలైలో యూపీఐ జమల ఆధారంగా జీఎస్‌టీ నోటీసులు వచ్చాక ఇక్కడి చిన్న దుకాణదారులు కొందరు 'నగదు మాత్రమే' అని కాగితాలు అంటించారు. కాబట్టి మీరు రోజూ కొనే చోట్ల అసలు యూపీఐ తీసుకుంటున్నారో లేదో చూసుకున్నాకే దీన్ని కారణంగా లెక్కించండి.

రెండు సందర్భాల్లో మాత్రం ఆగమనే చెబుతాను. వచ్చే ఆరు నెలల్లో ఇంటి రుణానికో వాహన రుణానికో వెళ్ళే ఆలోచన ఉంటే, ఆ రుణం మంజూరయ్యేదాకా కొత్త కార్డు జోలికి వెళ్ళకండి. మొదటి కార్డు బిల్లు కట్టడానికి డబ్బు సర్దుబాటు కాక రెండోది వెతుకుతుంటే, ఆ ఆలోచనను పూర్తిగా మానుకోండి. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు మూడు నుంచి మూడుముప్పావు శాతం దాకా వడ్డీ వేస్తాయి. నెలకు 3.5 శాతమంటే ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్‌టీ. రెండు కార్డుల మీద ఈ వడ్డీ నడిస్తే ఎంత మంచి జీతమైనా ఆనదు. ఇంటి అడ్వాన్సు కోసం కార్డు మీద ఏటీఎంలో నగదు తీసేవారిని ఇక్కడ తరచూ చూస్తుంటాం. నగదుకు వడ్డీ లేని గడువంటూ ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా ఫీజు వేరు.

రెండో అడుగు: క్రెడిట్ రిపోర్టును దగ్గరగా చదవడం

మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలున్నాయి. మీ అప్పులు, కార్డులు, వాటి చెల్లింపుల చరిత్రను ఇవి నమోదు చేస్తాయి, ఆ చరిత్రే క్రెడిట్ రిపోర్టు, దాన్ని ఒక్క అంకెలో చెప్పేది స్కోరు. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును మీకు ఉచితంగా ఇవ్వాలి. ఎవరో ఏజెంటు చెప్పే స్కోరును నమ్మకుండా, ఆ సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే మీ పాన్‌తో ఖాతా తెరిచి రిపోర్టు దించుకోండి. మీ రిపోర్టును మీరు చూసుకున్నందువల్ల స్కోరు తగ్గదు. దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు తెప్పించుకునే రిపోర్టే ఎంక్వైరీగా నమోదవుతుంది, కొద్ది కాలంలో అవి ఎక్కువైతేనే స్కోరు మీద ప్రభావం పడుతుంది.

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే మంచిదని వ్యవహారంలో అనుకుంటారు. మీ మొదటి కార్డుకు ఆరు నెలలు నిండకపోతే స్కోరు ఇంకా ఏర్పడకపోవచ్చు, ఏర్పడినా చిన్న మార్పుకే పెద్దగా ఊగుతుంది. కాబట్టి ఈ దశలో ఆ అంకెకంటే లోపలి పేజీలకే ఎక్కువ సమయం ఇవ్వండి.

ఖాతాల విభాగంలో మీ మొదటి కార్డు కనిపిస్తోందా, ప్రారంభ తేదీ, లిమిట్, ప్రస్తుత బాకీ సరిగా ఉన్నాయా అని చూడండి. కార్డు అసలు కనిపించకపోతే రెండో బ్యాంకు దృష్టిలో మీరు ఇంకా ఏ చరిత్రా లేని మనిషే. బ్యాంకులు ఈ సమాచారాన్ని 2025 జనవరి 1 నుంచి కనీసం పదిహేను రోజులకు ఒకసారి పంపాలన్న నిబంధన వచ్చింది కనుక, మొదటి స్టేట్‌మెంట్ (నెలవారీ బిల్లు) వచ్చిన నెలా రెండు నెలల్లో ఖాతా కనిపించాలి. దాని కిందే నెలవారీ గళ్ళ పట్టిక ఒకటి ఉంటుంది. గత 36 నెలల వరకు ఏ నెలలో చెల్లింపు ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో నమోదవుతుంది. గడిలో '000' ఉంటే ఆలస్యం లేదని అర్థం. '030' లాంటి అంకె ఉంటే అన్ని రోజులు దాటిందని. మూడు ఇంటూ గుర్తులుంటే ఆ నెల సమాచారం బ్యాంకు పంపలేదని, అది మీ తప్పు కాదు. ఈ పట్టికలో మీకు మూడు నాలుగు గళ్ళే ఉంటాయి కాబట్టి ఒక్క గడిలో తేడా ఉన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎంక్వైరీల విభాగం కూడా చూడండి. మాల్‌లో ఏజెంటు ఫారం నింపించుకుని మీకు చెప్పకుండా రెండు మూడు బ్యాంకులకు పంపి ఉంటే అది ఇక్కడ బయటపడుతుంది. మీరు దరఖాస్తు చేయని సంస్థ పేరు కనిపిస్తే వెంటనే ఆ సంస్థకూ, రిపోర్టు ఇచ్చిన సంస్థకూ ఫిర్యాదు రాయండి. ఎవరైనా మీ రిపోర్టు తెప్పించుకుంటే మీకు ఎస్ఎంఎస్ గానీ ఈమెయిల్ గానీ రావాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది. రిపోర్టులో పాత ఫోన్ నంబరు ఉంటే ఆ హెచ్చరిక మీకు చేరదు కనుక దాన్నీ సరిచేయించుకోవాలి.

మూడో అడుగు: స్టేట్‌మెంట్ తేదీని బట్టి మొదటి కార్డును సిద్ధం చేయడం

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే అడుగు ఇదే, కానీ దీన్ని పట్టించుకునేవారు తక్కువ. బిల్లు పూర్తిగా కడుతున్నాం కదా, ఇంక భయమేముంది అని అనుకుంటారు. అయితే రిపోర్టులో కనిపించేది ఏదో ఒక తేదీన ఉన్న బాకీ, ఆ తరువాత మీరు కట్టేసిన సంగతి ఆ రోజుకు అందులో ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కర్నూలు నుంచి వచ్చి బెల్లందూరులో ఉంటున్న ఉద్యోగి కార్డు లిమిట్ 60,000 రూపాయలు, స్టేట్‌మెంట్ తేదీ ప్రతి నెలా 12 అనుకుందాం. సంక్రాంతికి ఊరెళ్ళడానికి నలుగురు స్నేహితుల బస్సు టికెట్లు, ఇంట్లోవారికి బట్టలు, తమ్ముడికి ఫోను అన్నీ కలిపి జనవరి 10 నాటికి కార్డు మీద 51,000 అయింది. 12న స్టేట్‌మెంట్ అలాగే తయారైతే లిమిట్‌లో 85 శాతం వాడినట్టు లెక్క. అతను స్నేహితుల దగ్గర డబ్బు వసూలు చేసుకుని 11వ తేదీనే 40,000 కట్టేస్తే స్టేట్‌మెంట్‌లో 11,000 మాత్రమే మిగులుతుంది, అంటే దాదాపు 18 శాతం. ఖర్చు అదే, కట్టిన డబ్బూ అదే, ఏ రోజున కట్టాడన్నదే తేడా. వాడకం లిమిట్‌లో 30 శాతం లోపు ఉంటే మంచిదన్నది అందరూ పాటించే లెక్క. కొన్ని బ్యాంకులు స్టేట్‌మెంట్ బాకీని పంపుతాయి, కొన్ని నెల మధ్యలో, నెలాఖరున ఉన్న బాకీని పంపుతాయి కాబట్టి, దరఖాస్తుకు ముందు రెండు నెలలు ఈ సమయాలన్నిటిలోనూ బాకీ తక్కువగా ఉండేలా చూసుకోండి.

ఇదే కార్డులో జనవరి 13న కొన్న వస్తువు ఫిబ్రవరి 12 స్టేట్‌మెంట్‌లో పడుతుంది. కట్టడానికి ఇరవై రోజుల గడువు ఇచ్చే బ్యాంకు అయితే మార్చి 4 వరకు, అంటే యాభై రోజులు వడ్డీ ఉండదు. ఫిబ్రవరి 11న కొన్నదానికి మాత్రం ఇరవై ఒక్క రోజులే. మొత్తం బిల్లు కట్టినవారికే ఈ గడువు దక్కుతుంది. మినిమమ్ డ్యూ (బిల్లులో తప్పనిసరిగా కట్టవలసిన కనీస మొత్తం) మాత్రమే కట్టి ఊరుకుంటే మిగిలిన బాకీకీ, ఆ తరువాత కొత్తగా చేసిన కొనుగోళ్ళకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. గడువు తేదీ దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్యంగా నమోదు చేయాలన్న వెసులుబాటు ఆర్‌బీఐ ఇచ్చింది. నెట్‌వర్క్ పనిచేయక ఒక రోజు తప్పినప్పుడు అది ఆదుకుంటుంది, కానీ దాన్ని అలవాటుగా మార్చుకోకూడదు.

ఎన్నాళ్ళు ఆగాలంటే, మొదటి కార్డు మీద ఆరు స్టేట్‌మెంట్లు వచ్చి, ఆరూ పూర్తిగా కట్టి ఉండటం నేను అందరికీ చెప్పే కొలత. అంతకంటే ముందే తప్పనిసరైతే కనీసం మూడు స్టేట్‌మెంట్లు పూర్తికానివ్వండి. మొదటిది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకున్న కార్డయితే ఆరు నెలలు నిజంగానే ఓపిక పట్టాలి, ఎందుకంటే జీతాన్ని చూసి ఇచ్చే కార్డుకు మీ దగ్గర ఉన్న ఏకైక ఆధారం ఆ ఆరు నెలల చెల్లింపులే.

నాలుగో అడుగు: బ్యాంకును ఎంచుకోవడం

మొదటి కార్డు ఇచ్చిన బ్యాంకులోనే రెండోది అడిగితే చాలా బ్యాంకులు ఉన్న లిమిట్‌నే రెండు కార్డులకూ ఉమ్మడిగా ఉంచుతాయి. పని సులువుగా అవుతుంది, కానీ మొత్తం లిమిట్ పెరగదు. వేరే బ్యాంకుకు వెళ్తే లిమిట్ విడిగా వస్తుంది, మొత్తం మీద వాడకపు శాతం కూడా తగ్గుతుంది. నా సలహా ఏమిటంటే జీతం పడే ఖాతా ఒక బ్యాంకులో, మొదటి కార్డు వేరొక బ్యాంకులో ఉన్నవారు ముందు జీతం ఖాతా ఉన్న బ్యాంకు యాప్‌లోనే ఆఫర్ ఉందేమో చూడాలి. మీ జీతం ప్రతి నెలా ఆ బ్యాంకుకు నేరుగా కనిపిస్తోంది కాబట్టి అక్కడ పత్రాల బెడద తగ్గుతుంది.

'ముందే ఆమోదించాం' అన్న మాటను పూర్తి హామీగా తీసుకోకండి, తుది నిర్ణయం దరఖాస్తు తరువాతే. కొన్ని బ్యాంకుల సైట్లలో ఎంక్వైరీ నమోదు కాకుండా అర్హత చూసుకునే వీలుంటుంది, ఆ పేజీలో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉందో లేదో చదివాకే పాన్ ఇవ్వండి. దరఖాస్తుతోపాటు ఫీజులు, వడ్డీ రేటు ఒకే పేజీలో తెలిపే పత్రం ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది, దాన్ని అడిగి తీసుకోండి. అందులో యాన్యువల్ ఫీజు రద్దు కావాలంటే ఏడాదికి ఎంత ఖర్చు పెట్టాలో చూసి, మీ నెల ఖర్చును పన్నెండుతో గుణించి పోల్చుకోండి. రెండు కార్డుల మధ్య ఖర్చు చీలిపోతే రెండింటిలోనూ ఆ మొత్తం చేరుకోలేక రెండు ఫీజులూ కట్టవలసి రావచ్చు. అందుకే రెండోది జీవితకాలం ఉచితమైన కార్డు అయితే మేలని నా అభిప్రాయం.

ఐదో అడుగు: దరఖాస్తు, ఒకే ఒక్కచోట

ఒక బ్యాంకు జవాబు వచ్చేదాకా మరో చోట దరఖాస్తు చేయకండి. ఏదో ఒకటి తగులుతుందని ఒకే వారంలో నాలుగు చోట్ల పెట్టినవారి రిపోర్టులో నాలుగు ఎంక్వైరీలు వరుసగా కనిపిస్తాయి, అప్పు కోసం కంగారుగా తిరుగుతున్నారన్న అభిప్రాయం కలుగుతుంది.

మనవారికి ఇక్కడ ఎదురయ్యే పెద్ద చిక్కు పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, కంపెనీ శాలరీ స్లిప్‌లో పేరు చివర ఉంటుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు ఒక పత్రంలో మార్చి మరో దానిలో మార్చని మహిళలకు ఇది మరీ ఇబ్బంది. కంప్యూటర్ రెండు పేర్లనూ పోల్చి సరిపోలలేదని తిప్పికొడుతుంది. పాన్‌లో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని, ఆధార్‌నూ కంపెనీ రికార్డునూ దానికి సరిపోయేలా ముందే మార్పించుకోండి.

రెండోది ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు. ఇంటర్ చదివే రోజుల్లో నాన్నగారి నంబరు ఇచ్చి ఉంటే ఓటీపీ ఊళ్ళో ఆయన ఫోనుకు వెళ్తుంది, ఆయన పొలంలో ఉంటే ఇక్కడ మీ సమయం ముగిసిపోతుంది. మీ నంబరుకు మార్చుకున్నాకే దరఖాస్తు మొదలుపెట్టండి.

మూడోది చిరునామా. ఆధార్‌లో ఆంధ్ర లేదా తెలంగాణ చిరునామా, ఉంటున్నది బెంగళూరు పీజీలో. బెస్కాం కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంటుంది కనుక మీకు పనికిరాదు. ఆధార్‌తో ఇ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) చేసే దరఖాస్తులో ప్రస్తుత చిరునామాను స్వయంగా ప్రకటించే వీలుంటుంది. అద్దె ఒప్పందం లేదా కంపెనీ లేఖ అడిగితే ఇవ్వడానికి సిద్ధంగా ఉంచుకోండి. కార్డు డెలివరీకి ఆఫీసు చిరునామా ఇవ్వడం నయం, పీజీలో పగటిపూట అందుకునేవారు ఉండరు.

జీతం, అద్దె, ఉన్న కార్డు వివరాలు ఉన్నదున్నట్టు రాయండి. మొదటి కార్డును దాచినా అది రిపోర్టులో కనిపిస్తుంది. చివరి మూడు నెలల శాలరీ స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 ఉంటే అది దగ్గర పెట్టుకోండి. వీడియో కేవైసీకి అసలు పాన్ కార్డు, సంతకానికి తెల్ల కాగితం, మంచి వెలుతురు కావాలి, ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉండాలి. ఓటీపీని ఏజెంటుకు చెప్పకండి, అతను ఎంత ఆప్యాయంగా తెలుగులో మాట్లాడినా సరే.

జవాబు వచ్చాక

తిరస్కరిస్తే ఏ కారణంతో తిరస్కరించారో రాతపూర్వకంగా తెలపవలసిన బాధ్యత బ్యాంకుది. 'అంతర్గత విధానం ప్రకారం' అన్న ముక్తసరి మాటతో సరిపెడితే, నిర్దిష్ట కారణం అడుగుతూ ఈమెయిల్ రాయండి. ముప్పై రోజుల్లో సరైన సమాధానం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులను పరిష్కరించే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది. కారణం చిరునామా లేదా పేరు అయితే సరిచేసుకుని మళ్ళీ ప్రయత్నించవచ్చు. చరిత్ర చాలకపోవడమో, వాడకం ఎక్కువ కావడమో అయితే ఆరు నెలలు ఆగడమే సరైన మందు.

కార్డు వస్తే ముందుగా లిమిట్, ఫీజు మీకు చెప్పినట్టే ఉన్నాయా చూసి ఆ తరువాత యాక్టివేట్ చేయండి. నచ్చకపోతే చేయకుండానే వదిలేయవచ్చు. 30 రోజులు దాటినా యాక్టివేట్ కాని కార్డుకు బ్యాంకు ఓటీపీ ద్వారా మీ అంగీకారం అడగాలి, మీరు ఇవ్వకపోతే ఏ ఖర్చూ లేకుండా ఖాతాను మూసేయాలి. యాక్టివేట్ కాకముందు ఆ ఖాతాను క్రెడిట్ సంస్థలకు పంపకూడదు. కొత్త కార్డు ఆన్‌లైన్‌లో పనిచేయకపోతే కంగారుపడకండి. ఆన్‌లైన్, విదేశీ, కాంటాక్ట్‌లెస్ చెల్లింపులను మీరే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. విదేశీ వాడకం అవసరమయ్యేదాకా ఆఫ్‌లోనే ఉంచండి.

రెండు కార్డులకూ మొత్తం బిల్లుకు ఆటో డెబిట్ పెట్టండి. నమోదు చేసేటప్పుడు యాప్‌లో మినిమమ్ డ్యూ ముందే ఎంపికై ఉందేమో గమనించి మార్చుకోండి. రెండు గడువు తేదీలూ జీతం పడిన వారం లోపు వచ్చేలా బిల్లింగ్ తేదీ మార్చమని బ్యాంకును అడగవచ్చు, కార్డుదారుకు ఆ అవకాశం ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. కొన్నాళ్ళకు ఏదైనా కార్డు వద్దనిపిస్తే కొత్తదాన్ని మూసి పాతదాన్ని ఉంచుకోండి, చరిత్ర పాతదానిలోనే పొడవుగా ఉంటుంది. బాకీ లేని కార్డు మూసివేత అభ్యర్థనను బ్యాంకు ఏడు పని దినాల్లో పూర్తి చేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకు చెల్లించాలి.

యాక్టివేట్ చేసిన రెండు నెలలకు రిపోర్టును మళ్ళీ దించుకుని కొత్త కార్డు లిమిట్, తేదీ సరిగా ఎక్కాయో లేదో చూడండి. మొదటిసారి ఒక సంస్థ ఉచిత రిపోర్టు వాడి ఉంటే ఈసారి మరో సంస్థది తీసుకోవచ్చు. తప్పు కనిపిస్తే ఆ సంస్థ సైట్‌లోనే వివాదం నమోదు చేయండి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, ఆ మొత్తం ఫిర్యాదు పరిష్కారమైన ఐదు పని దినాల్లో మీ బ్యాంకు ఖాతాలో పడాలి.